కార్బన్ నానో రేణువులు: ల్యాబుకు కొత్తగా వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు

ఏటా వేసవిలో బెంగళూరులోని మా ల్యాబుకు అనంతపురం, కడప, వరంగల్ వైపుల నుంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు వస్తారు. కన్నడం రాదు, ఇంగ్లిషులో అడగడానికి మొహమాటం. ఎక్కడో తెలుగు మాట చెవిన పడగానే నా బెంచీ దగ్గరికొచ్చి "అక్కా, ఒక డౌటు" అంటారు. ఆరేళ్లుగా వింటున్న ఆ డౌట్లకు జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో ఎక్కువ భాగం కార్బన్ డాట్ల గురించే, ఎందుకంటే కొత్తవాళ్లకు ముందుగా ఇచ్చేది అవే.

కార్బన్ నానో రేణువు అంటే ఏమిటి? మనం ఎప్పుడైనా చూశామా?

చూడటమే కాదు, కంటికి పెట్టుకున్నాం. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి తీసే కాటుక అంతా కార్బన్ నానో రేణువులే. ఆ మసిలో ఒక్కో గుండు కొన్ని పదుల నానోమీటర్లు ఉంటుంది. గుండ్లన్నీ గొలుసుల్లా అతుక్కుని పెద్ద గుత్తులవుతాయి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.

కార్బన్ డాట్లు ఇంతకంటే చాలా చిన్నవి. మామూలుగా 10 నానోమీటర్ల లోపే ఉంటాయి, నీళ్లలో కరిగినట్టే కలిసిపోతాయి, అతినీలలోహిత కాంతి పడితే వెలుగుతాయి. కాటుక వెలగదు. దాని గుత్తులు పడ్డ కాంతినంతా మింగేసి వేడిగా మార్చేస్తాయి. అదే మసిని నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే గుత్తులు విరిగి, ఉపరితలం మీద ఆక్సిజన్ గుంపులు చేరి, వెలిగే రేణువులు బయటికొస్తాయి. కొవ్వొత్తి మసితో ఈ పని 2007లోనే చేసి చూపించారు. మీరు మాత్రం దీంతో మొదలుపెట్టకండి. గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ పొగ వస్తుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

వీటిని ఎవరు కనిపెట్టారు?

వెతుకుతుంటే దొరికినవి కావు. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినాలో ఒక బృందం కార్బన్ నానోట్యూబులను శుద్ధి చేస్తోంది. ఆర్క్ పద్ధతిలో వచ్చిన మసిని జెల్ మీద విద్యుత్తుతో విడదీస్తుంటే, నానోట్యూబులకు సంబంధం లేని వెలిగే పట్టీలు కొన్ని విడిగా కనిపించాయి. పారబోయాల్సిన మలినాన్ని వాళ్లు పారబోయలేదు. 2006లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం బృందం లేజరుతో ఇలాంటివే చేసి కార్బన్ డాట్లు అని పేరు పెట్టింది.

2023 రసాయన నోబెల్ వీటికే వచ్చిందా అని ప్రతి ఏడాదీ ఒకరైనా అడుగుతారు. కాదు. బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు వచ్చింది క్వాంటం డాట్లకు, అంటే కాడ్మియం సెలెనైడ్ లాంటి అర్ధవాహక స్ఫటికాలకు. వాటి రంగును నిర్ణయించేది ప్రధానంగా పరిమాణం. కార్బన్ డాట్లలో పరిమాణం ఒక్కటే కాదు, ఉపరితలం మీద ఏ గుంపులున్నాయి, లోపల ఏ అణువులు చిక్కుకున్నాయి అన్నదీ రంగును మారుస్తుంది. ఈ తేడా తెలియకుండా వైవాకు వెళ్తే మొదటి ప్రశ్నకే ఇరుక్కుంటారు.

ఏ పద్ధతితో మొదలుపెట్టాలి?

దారులు రెండు. పెద్ద కార్బన్‌ను పగలగొట్టడం ఒకటి: మసిని ఆమ్లంతో, గ్రాఫైట్‌ను లేజరుతో. చిన్న అణువులను వేడిచేసి కూర్చడం రెండోది. మీరు రెండోదానితో మొదలుపెట్టండి. వంటింటి భాషలో ఇది పాకం పట్టడమే. బెల్లం పాకం లేతగా, ముదురుగా, మాడుగా మారినట్టే ఇక్కడా ద్రావణం లేత పసుపు నుంచి తేనె రంగుకు, అక్కడి నుంచి గోధుమరంగుకు వెళ్తుంది. మాడితే అడుగున నల్లటి ముద్ద చేరుతుంది, వెలుగు తగ్గిపోతుంది.

ముడిసరుకు సిట్రిక్ ఆమ్లం, అంటే మన ఇళ్లలో నిమ్మ ఉప్పు అనేదే. నైట్రోజన్ కోసం యూరియా. పుస్తకాల్లో అందరూ చెప్పే ప్రసిద్ధమైన పాళ్లలో యూరియా బదులు ఇథిలీన్ డైఅమీన్ ఉంటుంది. 2013లో చైనాలో ఆ పాళ్లతో, 200 డిగ్రీల దగ్గర 5 గంటలు ఉంచి, దాదాపు 80 శాతం క్వాంటం యీల్డ్ (మింగిన కాంతిలో వెలుగుగా తిరిగిచ్చే వాటా) సాధించారు. కానీ ఇథిలీన్ డైఅమీన్ చర్మాన్ని కాలుస్తుంది, దాని ఆవిరి పీలిస్తే ఉబ్బసం లాంటి అలర్జీ పట్టుకోవచ్చు. మొదటి నెలలో దాని సీసా మీ చేతికివ్వను.

పాళ్లు ఖచ్చితంగా చెప్పండి.

ఆటోక్లేవ్ అనే స్టీలు గుల్ల లోపల పెట్టే 50 మిల్లీలీటర్ల టెఫ్లాన్ లైనర్‌కు: సిట్రిక్ ఆమ్లం మోనోహైడ్రేట్ 1.05 గ్రాములు, యూరియా 0.30 గ్రాములు, శుద్ధ జలం 25 మిల్లీలీటర్లు. రెండూ 5 మిల్లీమోల్స్ చొప్పున, అంటే అణువుకు అణువు. సీసా మీద మోనోహైడ్రేట్ అని ఉందా, అన్‌హైడ్రస్ అని ఉందా చూసుకోండి. రెండో రకమైతే 0.96 గ్రాములు చాలు. పూర్తిగా కరిగాక లైనర్‌లో పోసి, స్టీలు గుల్లలో పెట్టి బిగించి, 180 డిగ్రీల ఓవెన్‌లో 5 గంటలు ఉంచండి. తర్వాత ఓవెన్ ఆపేసి, తలుపు మూసే ఉంచి, రాత్రంతా వదిలేయండి. పొద్దున తీయండి.

యూరియా ఎక్కువేస్తే వెలుగు పెరుగుతుందేమోనని అందరికీ అనిపిస్తుంది. వేడికి యూరియా అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ వాయువులు పోవడానికి దారి లేదు. వేసిన ప్రతి గ్రామూ పీడనాన్ని పెంచుతుంది. నన్ను అడగకుండా ఈ పాళ్లు పెంచకండి.

ఆటోక్లేవ్ అంటే ప్రెషర్ కుక్కరే కదా, ఎందుకంత భయం?

సూత్రం ఒకటే, అంకెలు వేరు. ఇంట్లో కుక్కరు విజిల్ వేసేటప్పుడు లోపల సుమారు 120 డిగ్రీలు, దాదాపు 2 బార్ల పీడనం. ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి ఒక్కటే 10 బార్లు, 200 దగ్గర 15 బార్లు దాటుతుంది, 220 దగ్గర 23. ఇది కాక పైన చెప్పిన వాయువులు. పైగా చాలా ఆటోక్లేవ్‌లకు విజిల్ లేదు, సేఫ్టీ వాల్వు లేదు. ఉన్నదల్లా ఒక మూత, దాని మరలు.

అందుకే లైనర్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. నీరు వేడికి వ్యాకోచిస్తుంది. నిండుగా నింపితే ఆవిరికి చోటుండదు, పీడనం ఒక్కసారిగా ఎక్కడికో పోతుంది. టెఫ్లాన్ లైనర్‌ను 220 డిగ్రీలు దాటించొద్దు, అది మెత్తబడి రూపు మారుతుంది. తొందరపడి వేడి గుల్లను కుళాయి కింద పెట్టొద్దు. మూత తిప్పేటప్పుడు బుస్సుమని చప్పుడొస్తే ఆపేసి మళ్లీ చల్లారనివ్వండి. పూర్తిగా చల్లారాక కూడా పొగలు బయటికి లాగే హుడ్‌లోనే తెరవండి, లోపల అమ్మోనియా వాసన ఉంటుంది.

నేను చేరిన తొలి ఏడాది, ఓ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. పక్క బెంచీ ఓవెన్ తిరిగి మొదలైనప్పుడు పాత సెట్టింగు మరిచిపోయి 250కి ఎక్కింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ లైనర్ మూత వంగి, ద్రావణమంతా గుల్లలో కారిపోయింది. అప్పటి నుంచి కరెంటు పోతే ఓవెన్ మీద రాసిన ఉష్ణోగ్రతను చదివి, కళ్లతో చూశాకే కదులుతాను. మీరూ అలాగే చేయండి.

మైక్రోవేవ్‌లో అయిదు నిమిషాల్లో అయిపోతుందట కదా?

అవుతుంది. 2012లో వచ్చిన ఒక పద్ధతిలో సిట్రిక్ ఆమ్లం, యూరియా చెరో 3 గ్రాములు 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, 750 వాట్ల మైక్రోవేవ్‌లో 4, 5 నిమిషాలు పెట్టి గోధుమరంగు ముద్ద చేశారు. తెరిచిన పాత్రే వాడాలి, ఎప్పుడూ మూత బిగించకూడదు. పొంగుతుంది కాబట్టి పెద్ద బీకరు తీసుకోవాలి. అమ్మోనియా వస్తుంది కాబట్టి మైక్రోవేవ్ హుడ్‌లో ఉండాలి. పీజీ గదిలోని మైక్రోవేవ్‌లో చేసి చూస్తానని ఒకరు అన్నారు. వద్దు. అన్నం వేడిచేసుకునే దానిలో రసాయనం పెట్టకూడదు, రసాయనం పెట్టిన దానిలో అన్నం పెట్టకూడదు.

బెంగళూరు నీళ్లు, ఎత్తు ఈ పనిని మారుస్తాయా?

ఎత్తు మూతపెట్టిన ఆటోక్లేవ్‌ను ఏమీ చేయదు. తెరిచిన పాత్రలో మరిగించే పనికే లెక్క. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చెన్నైలో చేసిన రిఫ్లక్స్ ప్రయోగాన్ని (ఆవిరిని చల్లార్చి తిరిగి పాత్రలోకే పంపుతూ మరిగించేది) ఇక్కడ చేస్తే ఆ మూడు డిగ్రీల తేడా నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

నీళ్ల సంగతి పెద్దది. బోరు నీటిలో కాల్షియం, ఇనుము ఉంటాయి. ఇనుము కార్బన్ డాట్ల వెలుగును బాగా ఆర్పేస్తుంది. 18.2 మెగాఓమ్ నీరే, అంటే లవణాలు దాదాపు పూర్తిగా తీసేసిన శుద్ధ జలమే వాడండి. గాజు సామాను కడిగాక చివరి మూడు సార్లూ దాంతోనే.

అతినీలలోహిత టార్చి వేయగానే నీలంగా వెలిగింది. కార్బన్ డాట్లు వచ్చినట్టేనా?

కాదు. ఈ పేజీ అంతటిలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే అనుకున్నా ఫరవాలేదు.

"అక్కా, వెలుగుతోంది!" అని అరుస్తూ చీకటిగదిలోంచి పరుగెత్తుకొచ్చే ముఖం చూస్తే నాకూ సంతోషమే. ఆ సంతోషం నేనూ పడ్డాను. తర్వాత మూడు వారాలు ఆ ద్రావణం మీదే స్పెక్ట్రాలు తీసి, గ్రాఫులు గీసి, సమావేశంలో చూపించాను. మా సీనియర్ ఒకాయన ఒక్క మాట అడిగారు: డయాలిసిస్ సంచి బయటి నీళ్లు వెలుగుతున్నాయా? ఆ సంచి చిన్న అణువులను చుట్టూ ఉన్న నీళ్లలోకి వదిలి, రేణువులను లోపలే ఆపుతుంది. నేను ఆ నీళ్లు పారబోస్తూ వచ్చాను, ఒక్కసారీ టార్చి వేసి చూడలేదు. ఆ రాత్రే చూశాను. సంచి లోపలికంటే బయటే ఎక్కువ వెలుగు. నా వెలుగులో పెద్ద వాటా రేణువులది కాదు, చిన్న అణువులది.

జరిగేది ఇది. సిట్రిక్ ఆమ్లం, యూరియా కలిపి వేడిచేస్తే కార్బన్ రేణువుకంటే ముందే సిట్రజినిక్ ఆమ్లం అనే చిన్న అణువు పుడుతుంది. దాని అణుభారం 155, అదీ నీలంగానే వెలుగుతుంది. ఇథిలీన్ డైఅమీన్‌తో చేస్తే ఐపీసీఏ అనే అణువు పుడుతుంది, అణుభారం 180. ఆ ప్రసిద్ధ 80 శాతంలో ఎక్కువ వెలుగు ఈ అణువుదేనని 2015లో తేలింది. ఇవి రేణువులు కావు, ఒక నానోమీటరు లోపలి మామూలు అణువులు. టార్చికి ఈ తేడా తెలియదు, మన కంటికీ తెలియదు.

వెలిగే ఇతర వస్తువులూ తక్కువేం కాదు. బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే రసాయనం నీలంగా వెలుగుతుంది. టిష్యూ కాగితం, తెల్ల చొక్కా, పాత ప్రయోగం పీల్చుకున్న లైనర్ గోడ, అన్నీ వెలుగుతాయి. అందుకే ప్రతి కొత్త లైనర్‌లో ముందు ఉత్త శుద్ధ జలం పోసి, అవే 180 డిగ్రీలు, అవే 5 గంటలు పెట్టి, ఆ నీటి వెలుగు కొలవండి. అదే మీ బ్లాంక్. ఒక రోజు వృథా అయినట్టనిపిస్తుంది, అయినా తప్పదు.

ఇంకో చిన్న విషయం. ఎస్.పి. రోడ్డులో చవగ్గా దొరికే టార్చీల్లో చాలావరకు 395 నానోమీటర్లవి. వాటి ఊదా కాంతి కంటికే కనిపిస్తుంది, అది సీసా అంచున మెరిస్తే నమూనానే వెలిగిందని పొరబడతారు. 365 నానోమీటర్లది అడిగి కొనండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

మరి శుద్ధి ఎలా చేయాలి?

ముందు సెంట్రిఫ్యూజ్‌లో 10,000 ఆర్పీఎం దగ్గర 15 నిమిషాలు తిప్పితే పెద్ద ముద్దలు కింద చేరతాయి. పైనున్న ద్రావణాన్ని 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టరుతో వడకట్టండి. ఇక్కడితో ఆగిపోయిన పేపర్లు చాలా ఉన్నాయి, మీరు ఆగకండి. ఆ ఫిల్టరు రంధ్రం 220 నానోమీటర్లు, చిన్న అణువును అది ఏం ఆపుతుంది?

తర్వాత 1000 డాల్టన్ల డయాలిసిస్ ట్యూబు, అంటే సుమారు 1000 కంటే తక్కువ అణుభారం ఉన్నవాటిని బయటికి వదిలే సంచి. దానికి గ్లిజరిన్ పూత ఉంటుంది, ముందు బాగా కడగాలి. లీటరు శుద్ధ జలంలో వేలాడదీసి, మొదటి రోజు మూడు నాలుగు గంటలకోసారి, తర్వాత పూటకోసారి నీళ్లు మార్చాలి. మార్చిన ప్రతిసారీ బయటి నీటిలో కొంచెం సీసాలో దాచి, గంట రాసి, వెలుగు కొలవండి. అది తగ్గుతూ తగ్గుతూ బ్లాంక్‌తో సమానమయ్యేదాకా డయాలిసిస్ అవలేదు. పేపర్లలో 24 గంటలని రాస్తారు. నాకు మూడు రోజులు పట్టడం మామూలే. చివరికి సంచిలో మిగిలేది కొంచెమే, దాని వెలుగూ తగ్గి ఉంటుంది. బాధపడకండి, మీరు చేసిన రేణువులు అవే.

నిమ్మరసం, కరివేపాకు, అరటిపండుతో చేయొచ్చా?

చేయొచ్చు. 2012లో నారింజ రసాన్ని 120 డిగ్రీల దగ్గర వేడిచేసి చేశారు. ఆ తర్వాత వంటింట్లో ఉన్న ప్రతిదానితోనూ చేశారు. నా అభ్యంతరం ఒక్కటే: యశ్వంతపుర మార్కెట్‌లో ఈ వారం కొన్న నిమ్మకాయ, వచ్చే నెల కొన్న నిమ్మకాయ ఒకటి కావు. పులుపు, చక్కెర, లవణాలు అన్నీ మారతాయి. ఆకులతోనైతే క్లోరోఫిల్ ఎర్రగా వెలిగి, ఎర్రటి డాట్లు వచ్చాయని మోసపోతాం. ఒకసారి చేసి ఆనందించడానికి నిమ్మరసం, కొలిచి రాయడానికి సీసాలోని నిమ్మ ఉప్పు.

ఫ్లోరోమీటరులో (వెలుగు కొలిచే యంత్రం) ఉద్దీపనం, అంటే నమూనా మీద వేసే కాంతి, మార్చినకొద్దీ పీక్ జరుగుతోంది. మంచి లక్షణమేనా?

ఎంత జరుగుతోందో లెక్కవేశాక చెప్పండి. నీళ్లు కూడా కాంతిని రామన్ పద్ధతిలో చెదరగొడతాయి, పడ్డ కాంతి శక్తి కన్నా సుమారు 3400 సెంటీమీటర్ విలోమాలు (కాంతి శక్తిని కొలిచే ప్రమాణం) తక్కువకు. 350 నానోమీటర్ల కాంతి వేస్తే నీటి పీక్ 397 దగ్గర, 360 వేస్తే 410 దగ్గర, 370 వేస్తే 423 దగ్గర. పలచటి నమూనాలో ఈ సన్నటి పీకే కనబడి, క్రమంగా జరుగుతూ పోయి, డాట్ల లక్షణంలాగే అనిపిస్తుంది. ఉత్త నీటి స్పెక్ట్రం తీసి పక్కన పెట్టుకుంటే తేలిపోతుంది. సి.వి. రామన్ 1928లో కలకత్తాలో చూసింది ఈ ప్రభావాన్నే. ఆయన 1933లో ఈ ఊరు వచ్చారు, మేఖ్రి సర్కిల్ దాటేటప్పుడు కనిపించే సంస్థ ఆయన కట్టించిందే. ఆయన పీక్‌ను డాట్లని రాసి పంపిన రిపోర్టులు నేనే రెండు దిద్దాను. 350 వేసినప్పుడు సరిగ్గా 700 దగ్గర వచ్చే పీక్ కూడా నమూనాది కాదు, కాంతిని రంగులుగా విడదీసే గ్రేటింగ్‌లో రెండో వరుసలో వచ్చిన అదే కాంతి.

నమూనా చిక్కగా ఉన్నా చిక్కే, తన వెలుగును తానే మింగేస్తుంది. శోషణ 0.1 దాటకుండా పలచన చేయండి. క్వాంటం యీల్డ్‌కు పోలికగా పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్ సల్ఫేట్, విలువ 0.54.

టీఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో) అణువరుసల గీతలు కనిపించాయి. ఇక సందేహం లేదు కదా?

గ్రాఫైట్ పొరల మధ్య దూరం సుమారు 0.34 నానోమీటర్లు, పొర లోపలి వరుసలది 0.21. ఈ రెండిట్లో ఒకటి వస్తే ఆశ పెట్టుకోవచ్చు. 0.28 వస్తే అది ఉప్పు కావచ్చు: సోడియం క్లోరైడ్ స్ఫటికం గీతలు అక్కడే ఉంటాయి, డయాలిసిస్ సరిగా అవని నమూనాలో అవి చక్కటి నల్ల చుక్కల్లా ఎండుతాయి. నమూనా పెట్టే గ్రిడ్ మీది పొరా కార్బనే, డాట్లూ కార్బనే, నల్లనేల మీద నువ్వులు ఏరినట్టుంటుంది. వీలైనంత పలచటి కార్బన్ పొర ఉన్న గ్రిడ్ అడగండి. పది చుక్కలు కొలిచి సగటు రాయకండి, కనీసం వంద కొలవండి.

మా కాలేజీలో ఈ యంత్రాలు లేవు. ఎక్కడికెళ్లాలి?

భారతీయ విజ్ఞాన సంస్థలో నానో సైన్స్ కేంద్రానికి చెందిన క్యారెక్టరైజేషన్ కేంద్రం బయటివాళ్ల నమూనాలనూ రుసుము తీసుకుని కొలుస్తుంది. చెన్నైలో ఐఐటీ మద్రాసులోని సైఫ్ అనే యంత్రాల కేంద్రం కూడా అంతే. ఐ-స్టెమ్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో దేశంలో ఏ యంత్రం ఎక్కడుందో వెతికి బుక్ చేసుకోవచ్చు. గైడ్ సంతకంతో లెటరు ముందే సిద్ధం చేసుకోండి.

మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు. దీనితో సెన్సర్ చేయగలమా?

అనంతపురం, నల్గొండ, కనిగిరి పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు నేను పని ఆపి వింటాను. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు లేనిచోట 1.5 వరకు. కార్బన్ డాట్ల వెలుగును ఇనుము, పాదరసం తేలిగ్గా ఆర్పుతాయి గానీ ఫ్లోరైడ్ నేరుగా ఏమీ చేయదు. చుట్టుదారి ఉంది: జిర్కోనియం లాంటి లోహాన్ని డాట్లకు కట్టి వెలుగును మార్చాలి. ఫ్లోరైడ్ ఆ లోహాన్ని లాక్కుంటే వెలుగు మళ్లీ మొదటిలా అవుతుంది. ల్యాబు నీటిలో ఇది పనిచేస్తుంది. ఊరి బోరు నీటిలో బైకార్బోనేట్, ఫాస్ఫేట్, ఇనుము అన్నీ కలిసి అడ్డొస్తాయి. కాబట్టి మొదటి రోజు నుంచే మీ ఊరి నీళ్లు రెండు సీసాలు తెచ్చుకుని వాటితోనే పరీక్షించండి, పక్కనే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతో కొలిచి సరిచూడండి. ఏడాది పట్టినా సరే, ఈ పని చేయాలని వచ్చినవాళ్లకు నా బెంచీలో చోటిస్తాను.

ఇవి విషమా?

కణాల మీద చేసిన చాలా పరీక్షల్లో కార్బన్ డాట్ల హాని తక్కువే. అయితే కాంతికి విచ్ఛిన్నమైన డాట్లు కణాలను దెబ్బతీసినట్టు కూడా చూపించారు. కార్బన్ బ్లాక్‌ను (పరిశ్రమల్లో తయారుచేసే కార్బన్ మసి) అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో, 2బి వర్గంలో పెట్టింది. ద్రావణంగా ఉన్నంతసేపు చేతి తొడుగులు చాలు, పొడి చేస్తే మాస్కు కావాలి. సింకులో పారబోయొద్దు, వ్యర్థాల సీసాలో పోసి పేరు రాయండి.

ఎలా దాచాలి?

గోధుమరంగు సీసాలో, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో. రసాలతో చేసినవాటికి నెల తిరక్కుండా బూజు పడుతుంది. ఫ్రీజ్ డ్రైయర్‌లో పొడి చేస్తే ఎక్కువకాలం ఉంటుంది గానీ, సిట్రిక్ ఆమ్లం డాట్లు గాలిలోని తేమ పీల్చి ఒక్క వానాకాలపు సాయంత్రంలోనే జిగురవుతాయి. సిలికా జెల్ పెట్టిన డెసికేటరులో ఉంచండి. సీసా మీద తేదీ, లైనర్ నంబరు, డయాలిసిస్ ఎన్ని గంటలో రాయండి. ఫ్రిజ్‌లో ఇప్పటికీ "కొత్త శాంపిల్" అని మాత్రమే రాసిన పదకొండు సీసాలున్నాయి, వాటిలో ఏముందో చెప్పగలవాళ్లు ల్యాబు వదిలి వెళ్లిపోయారు.